పైనుంచి పోసిన నీళ్లు

పురుగులు పట్టిన పుండును చూసినా గోదాదేవికి రోత పుట్టదు. సైన్యంలో నర్సుగా ఉద్యోగమంతా చేసిన మనిషి. జమ్మూలో, పూనాలో, అస్సాంలో కుళ్లిన కాళ్లు కడిగింది, తెగిన చేతులకు కట్లు కట్టింది, అదే చేత్తో ఆ పూటే పెరుగన్నం కలుపుకుని తిన్నది. ఆమెకు రోత పుట్టించేవి వేరే ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖాన నవ్వు పులుముకుని, "పోనీలే మేడం, సర్దుకుపోదాం" అనే మర్యాదస్తులంటే ఆమెకు రోత.

పుట్టింది దిగువ అహోబిలంలో. తండ్రి రామానుజం గుడి సేవలో ఉండేవాడు. ఇంటి పెత్తనం నానమ్మది. నానమ్మ మడి కట్టుకుందంటే వంటింటి గడప దగ్గరికి పిల్లి కూడా ఆలోచించి వచ్చేది. ఎండన పడి కట్టెలమోపులు తెచ్చిన ఆడవాళ్లు దాహమంటే, నానమ్మ గడప లోపలే నిలబడి, చెంబు ఎత్తి పట్టి పైనుంచి నీళ్లు పోసేది. వాళ్లు వంగి దోసిలి పట్టాలి. ఒకనాడు చిన్నపిల్ల గోదాదేవి ఆ నీటిధారతో ఆడుకోబోయి ఒకామె చెయ్యి తాకింది. నానమ్మ మనవరాలిని కట్టుబట్టలతో బావి దగ్గరికి ఈడ్చుకెళ్లి నెత్తిన బిందెలు కుమ్మరించింది. ఆ చలి ఎప్పుడో మరిచిపోయింది కానీ, ఆ కట్టెలామె ముఖం మాత్రం మరవలేదు. తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుని, దాహం తీరకుండానే వెళ్లిపోయింది ఆ మనిషి.

అప్పటినుంచి మడి అన్న మాటంటేనే ఆమెకు అసహ్యం. నర్సు చదువుకు పోతానంటే రామానుజం భగ్గుమన్నాడు.

"ఊళ్లో వాళ్ల మలమూత్రాలు ఎత్తేదానికా నిన్ను పెంచింది?"

"అందుకే నాయనా," అంది గోదాదేవి.

పెళ్లి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. పింఛను వచ్చాక అహోబిలం పోకుండా ఆళ్లగడ్డలో బస్టాండు వెనక రెండు గదులు తీసుకుని ఉండిపోయింది. పక్కింటివాళ్లకు ఇంజెక్షన్లు వేస్తూ, రేడియో వింటూ, ఎవరి జోలికీ పోకుండా బతికేది. శివప్రసాద్ వచ్చిందాకా.

శివప్రసాద్ నంద్యాలలో నూనె వ్యాపారం చేసే కుటుంబంవాడు. ప్రాణధార అని ఒక సేవాసంస్థ పెట్టి, ఊళ్లకు మందుల బండి పంపిస్తుంటాడు. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే మనమే జాగ్రత్తగా ఉండేవాళ్లం.

ఎన్నికల తర్వాత ఆళ్లగడ్డ పక్క పల్లెలో రెండు వర్గాలు నాటుబాంబులు విసురుకున్నాయి. ఊరి పేరు చెప్పను, అలాంటి ఊళ్లు ఆ చుట్టుపక్కల నాలుగైదు ఉన్నాయి. బడిలో సాయుధ పోలీసులు దిగారు. దెబ్బలు తగిలినవాళ్లు ఆసుపత్రికి పోకుండా ఇళ్లల్లో దాక్కున్నారు. పోతే గాయమే సాక్ష్యం. ఒంటిమీద గాయముందంటే కొట్లాటలో ఉన్నట్టే, కేసులో పేరెక్కినట్టే. దారినపోతూ దెబ్బ తిన్నవాళ్లకూ అదే గతి. అందుకని మందుల బండే ఊరికి పోవాలని ప్రాణధార తీర్మానించుకుంది.

"తుపాకులోళ్లతో ఎట్ల మాట్లాడాలనో మాకు తెలీదు మేడం," అన్నాడు శివప్రసాద్. "మీరు వాళ్ల నడుమనే ఉంటిరి. మాకు సలహా చెప్పే మనిషిగా ఉండండి."

"సలహా చెప్తే వింటావా?"

"మీ మాట దాటితే అడగండి!"

ఆమె ఒప్పుకుంది. మరునాడే బడి దగ్గరికి పోయి పోలీసు అధికారిని కలిసింది. సైన్యంలో ఆమె హోదా తెలిసి అతను లేచి సెల్యూట్ కొట్టాడు. కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. టీ తెప్పించాడు. తాగలేదు.

"మీ పని మీది, మా పని మాది," అంది. "బండి పాలకేంద్రం కాడ నిలబడుతుంది. మీ మనుషులు ఆడికి రాకూడదు. మేం ఎవరి పేర్లూ మీకు చెప్పం. మీ సంగతులు ఊళ్లోకి మోయం."

అతను సరేనన్నాడు. యూనిఫారం వేసుకున్నవాళ్లతో బేరం అంత కష్టం కాదు. సూటిగా చెబితే సూటిగానే వింటారు, కాదంటే కాదని అంటారు. వంకర పోయేది నడుమ నిలబడ్డ పెద్దమనుషులే.

ప్రాణధారలో పనిచేసే పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కట్టుబాట్లు చెబుతుంటే, బండిలో పోవాల్సిన నర్సు వినీత అడిగింది. "పోలీసులేమన్నా శత్రువులా మేడం? అంత దూరం ఎందుకు?"

గోదాదేవి మాటల కోసం తడుముకుంది. సైన్యంలో విన్న ఇంగ్లీషు మాటలేవో చెప్పింది. పిల్లలు బిత్తరచూపులు చూశారు. చివరికి విసుగొచ్చి అంది.

"మీ అవ్వలు మడి కట్టుకునేది చూసినారు గదా? బండి మడిలో ఉందనుకోండి. తుపాకి తగిల్తే మైల. కొంచెమే తగిలింది, కావాలని తగల్లేదు అంటే కుదరదు. ఒక్కసారి తగిలిందా, ఊళ్లో ఒక్కరు కూడా మన మందు ముట్టరు."

అందరికీ ఠక్కున అర్థమైంది. వినీత తల ఊపింది. గోదాదేవి బయటికొచ్చి తుపుక్కున ఊసింది. జన్మంతా చీదరించుకున్న మాటే చివరికి ఆమె నోట పాఠంగా వచ్చింది.

పాఠం మాత్రం పనిచేసింది. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత ఒక ముసలాయన, తర్వాత ఇద్దరు ఆడవాళ్లు, ఆ తర్వాత దాక్కున్నవాళ్లూ వచ్చారు. వాళ్లలో రంగమ్మ ఒకతె. మొగుడు లేడు, గొర్రెలు మేపుకుంటుంది. గొర్రెల్ని దొడ్డికి తోలుతుంటే బాంబు ముక్క మడమలో దిగింది. దానికి తోడు చక్కెర జబ్బు. గోదాదేవి పుండు చూసి సూటిగా చెప్పింది.

"రోజు మార్చి రోజు కట్టు మారిస్తే కాలు నిలుస్తాది రంగమ్మా. మానేస్తే నిలవదు."

"ఎట్లన్నా వస్తాలేమ్మా. కాలు లేకపోతే గొర్రెల్ని ఎవురు మేపుతారు?"

కొడుకు కొండయ్య భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చేది. కొండయ్య పేరు కేసులో ఉంది. వాడు మంచివాడా, బాంబు విసిరినవాడా అన్నది కోర్టు తేల్చాల్సిన సంగతి. బండికి కావలసింది తల్లి కాలు. ఆ పుండు చీము తగ్గి, ఎర్రటి కండ పట్టి, మానే దారిన పడింది.

అప్పుడు గోదాదేవి కళ్లు చూపించుకోవడానికి కర్నూలు పోయి, వారం పైన అక్కడే ఉండిపోయింది. ఆమె పోయిన పొద్దునే పోలీసు అధికారి శివప్రసాద్‌కు ఫోన్ చేశాడు. నంద్యాలలో వాళ్ల జీపు చెడిపోయిందట. అక్కడున్న నలుగురు మనుషుల్ని ఊళ్లో దింపాలట. మీ బండి ఎట్లాగూ పోతుంది కదా అన్నాడట. శివప్రసాద్‌కు అన్నీ తెలుసు. కానీ ఆ అధికారి ఈమధ్యే అతని ఇంటి గృహప్రవేశానికి వచ్చి భోంచేసి పోయాడు. అలాంటివాడికి కాదని ఎలా చెప్పడం? మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. ఇక్కడ మొహమాటం శివప్రసాద్‌ది, పోయింది మాత్రం రంగమ్మ కాలు.

నలుగురూ లుంగీలు కట్టుకుని, తుపాకులు దుప్పటిలో చుట్టుకుని బండి ఎక్కారు. వినీత శివప్రసాద్ ముఖం చూసింది. అతను తల ఊపి, కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. పాలకేంద్రం దగ్గర రంగమ్మ కొడుకు భుజం మీద చెయ్యేసుకుని వస్తుండగా బండి వెనక తలుపు తెరుచుకుంది. మందులు దిగాల్సిన చోట నుంచి మనుషులు దిగారు. కొండయ్యను పట్టుకుపోయారు. ఆసరా తప్పిన రంగమ్మ బండి మెట్టు మీదే బోర్లా పడింది. వినీత లేపబోతే కాలితో తన్నింది, అదీ పుండున్న కాలితోనే.

ఆ తర్వాత ఊళ్లోనుంచి ఒక్కరు కూడా రాలేదు. మందుల తెల్లబండి పాలకేంద్రం దగ్గర నిలబడి ఈగలు తోలుకుంది.

గోదాదేవి కర్నూలు నుంచి తిరిగొచ్చీ రాగానే నంద్యాలలో శివప్రసాద్ నూనె అంగడికి పోయింది. అతను టీ తెప్పించాడు.

"ఏందప్పా శివప్రసాదూ, పోలీసోళ్లను బండి ఎక్కించుకున్నావంట గదా?"

"ఒక్కసారే మేడం. అంత పెద్దమనిషి నోరు తెరిచి అడిగితే ఎట్ల కాదంటాం? రేపు మనకూ వాళ్లతో పని పడతాది గదా."

"ఆయమ్మ కాలో?"

"కాలిదేముంది, ఇంటికే మనిషిని పంపిస్తాం. పోనీలే మేడం, సర్దుకుపోదాం."

టీ మీద మీగడ కట్టింది. ఆమె గ్లాసు ముట్టకుండానే లేచిపోయింది. పంపిన మనిషి మొహాన రంగమ్మ తలుపేసిందని ఆ సాయంత్రమే తెలిసింది.

మరునాడు పొద్దున్నే గోదాదేవి సెలైన్ సీసాలు, గాజుగుడ్డ సంచిలో వేసుకుని ఆటోలో ఊరికి పోయింది. వీధి మలుపులోనే వాసన కొట్టింది. రంగమ్మ గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. కాలికి పాత గుడ్డ చుట్టి ఉంది, దాని నిండా ఈగలు.

"ఆడ్నే ఉండు," అంది రంగమ్మ. "నన్ను ముట్టుకోవాకు."

"పురుగులు పట్టినాయి రంగమ్మా. కడగనియ్యి."

"నీ బండిలోనుంచే దిగి నా కొడుకును పట్టుకపోయిరి. నీ చెయ్యి నాకొద్దు."

"ఆ పొద్దు నేను లేను."

"నీ బండి ఉండె గదా."

పాఠం చెప్పింది గోదాదేవే. కొంచెమే తగిలింది, కావాలని తగల్లేదు అంటే కుదరదని తన నోటితోనే అంది. ఆమె గడప బయటే నిలబడింది.

"సరే, చెయ్యి తగలదు. కాలు గడప మీద పెట్టు. పైనుంచి పోస్తా."

మాట నోరు దాటాక గానీ తానేమన్నదో ఆమెకు తట్టలేదు. రంగమ్మ గుడ్డ విప్పి కాలు గడప మీదికి జరిపింది. గోదాదేవి సీసా ఎత్తి పట్టుకుని, తగలకుండా, పైనుంచి ధారగా పోసింది. పురుగులు నీళ్లతో పాటు గడప దిగి మట్టిలో పడ్డాయి. మణికట్టు వంచిన తీరు, ఒక అడుగు వెనక్కి పెట్టి నిలబడ్డ తీరు అచ్చం నానమ్మదే. కాకపోతే ఈసారి దూరంగా ఉండమన్నది గడప లోపలామె, మైలపడింది గడప బయటామె.

కడగడం అయ్యాక గోదాదేవి గోడ వెనక్కి పోయి కక్కుకుంది. ఏ పుండుకూ కక్కుకోని మనిషి, ఆ వేళ పేగులు బయటికొచ్చేట్టు కక్కుకుంది. తన మీద తనకే రోత. మూతి తుడుచుకుని వచ్చి ఉన్న మాట చెప్పింది.

"ఇంక ఇంట్లో అయ్యేది కాదు. పెద్దాసుపత్రికి పోవాల. ఆలస్యమైంది. కేసు భయం ఉంటే నేను నీ పక్కన నిలబడతా."

రంగమ్మ కాలు గడప లోపలికి లాక్కుంది. "పోతా. ఆ తెల్లబండి తప్ప ఏ బండైనా ఎక్కుతా."

ఆ వేళకు ఆ ఊళ్లో ఒక ఇంటికి బండలు దింపి, ఖాళీ లారీ ఒకటి బేతంచెర్లకు పోతూ ఉంది. డ్రైవరును బతిమాలితే కర్నూలు దాకా వస్తానన్నాడు. రాతిపొడి నిండిన తొట్టిలో చాప పరిచి రంగమ్మను పడుకోబెట్టారు. గోదాదేవి వెనకే కూర్చుంది, మనిషికీ మనిషికీ నడుమ మూరెడు ఎడం పెట్టుకుని. కర్నూలులో డాక్టర్లు చేయగలిగింది చేశారు. కాలు మోకాలి కింద తీసేశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు నంద్యాలలో ప్రాణధార ఒక సభ పెట్టింది. పోలీసులకూ సేవాసంస్థకూ మధ్య చక్కటి సహకారానికి సన్మానమట! ఫ్లెక్సీ మీద గోదాదేవి ఫోటో కూడా వేశారు, సలహాదారు అని. ఆమె వచ్చింది. ఎందుకు వచ్చిందో శివప్రసాద్‌కు తెలియలేదు, సంతోషపడ్డాడు. అధికారికి శాలువా కప్పారు, పూలదండ వేశారు. తర్వాత శివప్రసాద్ చేతుల్లో మరో శాలువా పట్టుకుని, నవ్వు ముఖంతో ఆమె వైపు వచ్చాడు.

"ఆడ్నే ఉండు," అంది గోదాదేవి. మైకు ముందే అంది. "నన్ను ముట్టుకోవాకు."

శివప్రసాద్ శాలువా పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. సభలో గుసగుసలు లేచాయి. "అహోబిలం అయ్యవార్ల ఇంటి మనిషి గదా, మడిలో ఉన్నట్టుంది," అని ముందు వరసలో ఒకాయన పక్కాయనకు సర్దిచెప్పాడు. పక్కాయన గౌరవంగా తల ఊపాడు. వాళ్లకు అంతకుమించి ఎక్కదు. ఆమె వేదిక దిగి ఆళ్లగడ్డ బస్సు ఎక్కింది. ఇక ప్రాణధార గడప తొక్కలేదు.

రంగమ్మ ఇంటికి చేరాక, గోదాదేవి ఆటోలో ఊరికి పోయింది. గొర్రెలు అమ్ముడుపోయి దొడ్డి ఖాళీగా ఉంది. కొండయ్య ఇంకా జైల్లోనే ఉన్నాడు. రంగమ్మ గడప లోపల కూర్చుని ఉంది. గోదాదేవి బయటే నిలబడి, సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి, చెయ్యి పైకెత్తింది.

"ఆ బండోళ్లతో తెంచుకున్నావంట గదా?" అంది రంగమ్మ.

"ఊఁ."

"మరి ఆడ్నుంచి పోస్తావేందమ్మా, నేనేమన్నా అంటరానిదాన్నా?" తెగిన కాలు ముందుకు చాపింది. "నీ మైల పోయిందిలే. నా కాలూ పోయింది. లోపలికొచ్చి కట్టు కట్టు."