ఆమె పొదగవేసిన గుడ్లు

నా భార్య పోయిన సంగతి నాకు పెరట్లో తెలిసింది. అప్పుడే తెల్లవారింది. పొదుగు మీదున్న కోడికి చిప్పలో నీళ్ళు పోస్తున్నాను. అనంతపురం ఆసుపత్రిలో ఆమె దగ్గరున్న మా మరదలు ఫోన్ చేసింది. "బావా, అక్క ఇంక లేదు బావా" అంది. "సరే, వస్తాండా" అన్నాను. చిప్ప నిండి నీళ్ళు కోడి కిందికి పారబోతుంటే చేయి అడ్డం పెట్టాను. గుడ్లు తడవకూడదని నా భార్య చెప్పి పంపింది.

ముందురోజు మధ్యాహ్నం దాకా నేను ఆమె మంచం పక్కనే ఉన్నాను. కోళ్ళను చూసుకోమని ఆమే నన్ను ఇంటికి పంపింది. అప్పటినుంచి నన్ను వదలని ప్రశ్న ఒక్కటే. నిజంగా కోళ్ళ కోసమే పంపిందా?

కోళ్ళ కోసమే అయి ఉండవచ్చు. ఆమె ఎవరినీ నమ్మే మనిషి కాదు, కోళ్ళ విషయంలో అసలే కాదు.

మాది తనకల్లు దగ్గర పల్లె. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. కోళ్ళు ఆ లోటు తీర్చాయని ఎవరైనా అంటే ఆమెకు కోపం వచ్చేది. "కోళ్ళని కోళ్ళ మాదిరే సాకుతాండా. ఎవురికీ బదులు గాదు" అనేది. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా వాటికి కొర్రలు వేరే కుండలో దాచింది. ఆ కుండ ఎక్కడుందో నాకు కూడా చెప్పలేదు.

పొద్దున్నే కోళ్ళను వదిలేముందు ఒక్కో పెట్టనూ పట్టుకుని తోక కింద వేలితో తడిమేది. ఆ రోజు గుడ్డు పెట్టేది ఏదో అలా తెలిసిపోతుంది. దాన్ని మళ్ళీ గంప కింద మూసి, మిగతావాటిని వదిలేది. లేకపోతే గోడ దూకి పక్కింట్లో పెట్టి వస్తుందని. అయినా ఒకటి రెండు మోసం చేసేవి. అప్పుడు బండల గోడ మీదుగా పక్కింటామెతో విచారణ మొదలయ్యేది.

"ఏమ్మే, మా కోడి మీ కట్టెల మోపులో గుడ్డు పెట్టిందేమో సూడు."

"నాకేం తెలుసక్కా? నీ కోడి నాతో చెప్పి పెడతాదా?"

"పెట్టినాక ఊరంతా ఇనపడేటట్లు అరుస్తాది గదా! నీకు చెవుడా?"

మరునాడు పక్కింటామె గిన్నెలో గుడ్ల పులుసు పంపేది. మా ఆమె మూత తీసి, "ఈ గుడ్లు మనవే. రుచి తెలీదా నాకు?" అంటూనే తినేది. నాకు రెండోది వేసేది.

మంచిగా మాట్లాడేవాళ్ళంటే ఆమెకు మరీ అనుమానం. "నవ్వుతా వచ్చినోళ్ళు పోయినాక కోళ్ళని లెక్కబెట్టుకోవాల" అనేది. సైకిల్ మీద రంగురంగుల కోడిపిల్లలు అమ్మే అతను వస్తే, "పిల్లలకే రంగు పూసినోడు, మనకేం పూస్తాడో" అని తలుపు వేసేది. ఒకసారి మా తమ్ముడు వచ్చి పుంజును తెగ మెచ్చుకున్నాడు. ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ తమ్ముడు దాన్ని కంటితో సూడ్లేదు, నాలికతో సూస్తాండాడు" అంది. ఆ సాయంత్రం అంగట్లో కోడిమాంసం తెప్పించి వండింది. ఆమె సాకిన కోడి మా ఇంట్లో ఎప్పుడూ ఉడకలేదు.

ఇంట్లో ఒకరు అంతగా అనుమానిస్తుంటే రెండోవాళ్ళు అందరినీ నమ్ముతూ బతకొచ్చు. నేను అలాగే బతికాను. అది ఎంత సుఖమో ఇప్పుడు తెలుస్తోంది.

ఆమెకు బాగా దగ్గరైంది తల మీద జుట్టున్న ఒక నల్ల పెట్ట. దాన్ని జుట్టుది అని పిలిచేది. ఆమె కాళ్ళు చాపుకుని వేరుశనగ కాయలు ఒలుస్తుంటే వచ్చి ఒళ్ళో కూర్చునేది. "నిన్నెంత ప్రేమగా చూస్తుందో" అని నేనంటే, "ప్రేమా పాడా! పప్పుల కోసం వచ్చింది" అనేది. కానీ కాలు తిమ్మిరెక్కినా కదిలేది కాదు. లేవమంటే, "ఇప్పుడే కన్ను మూసింది, ఉండు" అని నా మీదే విసుక్కునేది.

ఆమెకు కడుపునొప్పి ముదురుతున్న రోజుల్లోనే జుట్టుది పొదుగుకు వచ్చింది. ఆమె వెడల్పు గంపలో ఇసుక పోసి, గుడ్లు సర్ది, దాన్ని కూర్చోబెట్టింది. మధ్యలో రెండుసార్లు నడుం పట్టుకుని ఆగింది. నేను సాయం వస్తానంటే, "నీ చేతులు బరువు" అంది. అవే ఆమె పొదగవేసిన ఆఖరి గుడ్లు.

ఆసుపత్రికి బయలుదేరిన రోజు కూడా కోళ్ళకు గింజలూ నీళ్ళూ పెట్టిందే గానీ ఎవరికీ అప్పజెప్పలేదు. అక్కడ డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. నాకు ధైర్యం వచ్చింది. అతను వెళ్ళాక ఆమె, "బాగయ్యే రోగమైతే ఇంత నిదానంగా మాట్లాడడు" అంది. నేను కొట్టిపారేశాను. ఆ మరునాడు మధ్యాహ్నం ఉన్నట్టుండి, "నువ్వు ఇంటికి పో" అంది.

"నీ దగ్గరెవరుంటారు?"

"చెల్లెలు ఉండాది గదా. జుట్టుదానికి నీళ్ళెవురు పెడతారు? పక్కింటామె గుడ్లు మార్చినా అడిగే దిక్కు లేదు ఆడ."

"రేపు పోతాలే."

"రేపు గాదు. ఇప్పుడు కదిరి బస్సుండాది, పో. గుడ్లు తడవనీయొద్దు."

వాకిలి దగ్గర తిరిగి చూశాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

నేను ఇల్లు చేరాక, చీకటి పడే వేళకు పక్కింటామె భర్త చాప చంకన పెట్టుకుని వచ్చాడు. "లోపల ఉబ్బరంగా ఉండాదన్నా. మీ అరుగు మీద గాలి బాగుంటాది" అన్నాడు. మా అరుగుకూ వాళ్ళ అరుగుకూ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. అది గాలిని ఆపేది కాదు. గంప తెచ్చి నా మంచం పక్కనే పెట్టుకున్నాను. తెల్లవారగానే మళ్ళీ పెరట్లోకి మార్చి నీళ్ళు పోస్తుండగా ఫోన్ వచ్చింది.

దహనమయ్యాక మా అక్క పెరట్లోకి వచ్చి గంపను చూసింది.

"అబ్బోడా, సావు జరిగిన ఇంట్లో గుడ్లు యాడన్నా పిల్లలౌతాయా? మైల తగిలినాక మురిగేదే. పారేసి, ఆ కోడిని పెద్ద దినానికి కోసేస్తే సరి."

ఆ గుడ్లు మురిగిపోతే నా భార్య నన్ను ఉత్తపుణ్యానికి పంపినట్టు. ఆమె చివరి రాత్రి నేను ఎందుకూ కాకుండా ఇంట్లో కూర్చున్నట్టు. అది అక్కకు చెప్పగలిగే మాట కాదు.

గోడ అవతలి నుంచి పక్కింటామె అందుకుంది. "మాకు మైల లేదు గదా పెద్దమ్మా. మా ఇంట్లో పెడతా. పిల్లలైనాక తెచ్చిస్తాలే అన్నా."

అక్కకు ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు. నా భార్య ఏ మనిషి నుంచి ఆ గుడ్లను కాపాడమని పంపిందో ఆ మనిషి చేతికే ఇవ్వాలి. వేరే దారి లేదు. పొద్దు కూకినాక గంపను నేనే మోసుకుని పోయి వాళ్ళ వసారాలో దించాను.

ఆ తర్వాత గోడ దగ్గర నిలబడడం నాకు పనైంది. పక్కింటామె గంప ఎత్తితే చూసేవాణ్ణి. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదా అని చూసేవాణ్ణి. వాళ్ళింట్లో తాలింపు వాసన వస్తే ఏం వండుతున్నారో అనుకునేవాణ్ణి. ఒకరోజు ఆమె చేట పక్కన పెట్టి అడిగేసింది.

"ఏమన్నా, దినామూ ఈడే నిలబడతాండావ్? అక్క పని నీకు అప్పజెప్పి పోయిందా?"

"లేదమ్మా. ఎండ ఎట్లుందో చూస్తాండా."

"ఎండ మీ ఇంట్లో కనపడదా?"

పెద్ద దినం అయిపోయి బంధువులు వెళ్ళాక ఒక ఉదయం ఆమె గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. పెరట్లో దించి గుడ్డ తీసింది. జుట్టుది రెక్కలు దించుకుని ఉంది. రెక్కల కింది నుంచి పిల్లలు తొంగి చూస్తున్నాయి. ఆమె కొంగు ముడి విప్పి గుడ్డు పెంకులు నా ముందు పోసింది. పొదగవేసేటప్పుడు గుడ్డు మీద బొగ్గుతో గీత గీస్తారు, తర్వాత పెట్టిన గుడ్డు కలిసిపోకుండా. ఆ పెంకుల మీద గీతలున్నాయి.

"అక్క గీసినవే. సూసుకో. నువ్వు అడగవు గానీ, అనుకుంటావు" అంది.

నేను తల వంచుకున్నాను. ఆమె వెంటనే పోలేదు.

"అన్నా, నీకు చెప్పల్నా వద్దా అని ఇన్నాళ్ళూ ఊరుకున్న్యా. నిన్ను పంపించినాక ఆ పొద్దు అక్క నాకు ఫోన్ చేసింది."

"గుడ్లు చూడమనా?"

"గుడ్ల మాటే ఎత్తలేదన్నా. 'ఆయప్ప వస్తాండాడు. ఇంత అన్నం పెట్టు. ఈ రాత్రికి ఒక్కణ్ణే ఉండనీయొద్దు, మీ ఆయన్ని మా అరుగు మీద పండుకోమను' అనింది. అందుకే మా ఆయన చాప ఎత్తుకుని వచ్చింది. లేకుంటే దోమలు కరిపించుకునే దానికి వస్తాడా?"

ఆ రాత్రి నేను గంపకు కాపలా కాశాను. అతను నాకు కాపలా కాశాడు. ఆమె చెప్పింది అబద్ధం అనుకోవడానికి నాకు దారి దొరకలేదు. నా భార్య ఆమెకు ఒక్క పూట కూడా ఒక్క కోడిని అప్పగించి ఎరగదు. నన్ను అప్పగించింది.

డాక్టరు మాటలో ఆమెకు ఏం వినపడిందో, గోడ వైపు ఎందుకు తిరిగి పడుకుందో ఇప్పుడు నేను అనుకుంటున్నదే నిజమని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన మనిషి లేదు. తన చావు నన్ను చూడనివ్వకుండా పంపినందుకు ఆమె మీద కోపం వస్తుంది. కాసేపటికి పోతుంది.

పక్కింటామె వెళ్ళాక నూకలు తెచ్చి గంప ముందు చల్లాను. పిల్లలు ఉరకబోయాయి. జుట్టుది గొంతులో గుర్రుమని వాటిని ఆపింది. నేను రెండడుగులు వెనక్కి వేసి గోడ నీడలో కూర్చున్నాను. అది తల పక్కకు తిప్పి ఒక కంటితో నన్ను చాలాసేపు చూసింది. నేను కదల్లేదు. అది మెల్లగా ముందుకు వచ్చి ఒక నూక ముక్కున పట్టి కింద పడేసింది. మళ్ళీ నన్ను చూసింది. ఇంకోటి ఏరి మింగి, అలాగే కాసేపు నిలబడింది. ఆ తర్వాతే పిల్లలను పిలిచింది.