నేను టిక్కు పెట్టిన వాక్యం

మొన్న మనవరాలు ఫోన్ చేసి ‘గివ్ అప్’ అంటే ఏమిటని అడిగి, నేను నోరు తెరిచేలోపే, సరేలే అవ్వా, నెట్‌లో దొరికింది అని పెట్టేసింది. ఆ మాటను ఏళ్ల తరబడి పాఠంగా చెప్పినదాన్ని. చెప్పిన ప్రతిసారీ ఒక పిల్ల ముఖం కళ్లముందుకు వచ్చేది. పాఠాలు ఆగిపోయాయి గానీ ఆ ముఖం రావడం ఆగలేదు.

డెబ్బైల చివర్లో నేను మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరు వెళ్లి, అక్కడొక బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. బీడీ మానేసినా, ఆశ వదులుకున్నా, దొంగ పోలీసులకు లొంగిపోయినా ఇంగ్లీషులో ‘గివ్ అప్’ అనే అంటారని, దేన్ని వదులుతున్నారో చూసి అర్థం చేసుకోవాలని తొమ్మిదో తరగతికి వివరించి, గైడులో ఉన్న ‘మా మామ సిగరెట్లు మానేశాడు’ లాంటి వాక్యం కాకుండా మీ ఇంటి సంగతి ఏదైనా రాసి తెమ్మన్నాను.

నోట్‌బుక్కులు ఒళ్లో పెట్టుకుని బస్సులో దిద్దడం మా టీచర్లకు అలవాటు. వాక్యమంతా ఎవరూ చదివేవాళ్లం కాదు. చెప్పిన మాట సరిగ్గా పడిందా అని చూసి, టిక్కు పెట్టి, మరో పుస్తకం తీసేవాళ్లం. ఆ శుక్రవారం నేను అలా టిక్కు పెట్టిన వాక్యాల్లో ఒకటి, “మై ఫాదర్ సేస్ ఐ మస్ట్ గివ్ అప్ స్కూల్ ఫ్రమ్ మండే.” సోమవారం నుంచి బడి మానెయ్యమని నాన్న అంటున్నాడని, ఇప్పటికీ నా కళ్లముందుకు వచ్చే ఆ పిల్లే రాసింది. శనివారం పుస్తకాలు తిరిగి ఇచ్చేశాను. సోమవారం ఆమె రాలేదు. మధ్యలో మానేసే ఆడపిల్లలు అప్పట్లో ఎందరో ఉండేవారు గనుక, హాజరుపట్టీలో సున్నా చుట్టి ఊరుకున్నాను.

నెల దాటాక మదనపల్లె బస్టాండులో ఆమె తండ్రి కనిపించాడు. పట్టుగూళ్లు అమ్ముకుని, ఖాళీ సంచులు చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బిడ్డను బడికి పంపడం లేదేమప్పా అని అడిగాను.

“వాళ్లమ్మ నడుం పట్టేసి మంచాన పడ్నాదమ్మా. పట్టుపురుగులకు ఆకేసే దిక్కు లేక మానుకోమంటి. పుస్తకంలో రాసిచ్చినా, మేడం సదివి టిక్కు గూడా పెట్టినాది, ఆదివారం వస్తాది సూడు అని బిడ్డ అనె. మీరొచ్చి ఒక మాట సెప్తే మా అక్కనన్నా పిలిపిచ్చుకుందామని ఇంటికాడే ఉంటిని.” నవ్వాడు. “సదువుకున్నోళ్లకు నూరు పన్లుంటాయిలేమ్మా. ఇప్పుడు గూళ్లు దిగినాయి, పని తగ్గె, బడికి పో అంటే తనే రానంటాండాది.”

మరునాడే వెళ్లాను. ఆ పిల్ల కొత్తగా తెచ్చిన పిల్లపురుగులకు చేటలో మల్బరీ ఆకు తరుగుతోంది. నన్ను చూసి తరగతిలో లాగే లేచి నిలబడింది, లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను మళ్లీ బడికి రమ్మంటుంటే కూర్చుని ఆకు తరగడం మొదలుపెట్టింది.

“వద్దు మేడం. మీరు రాలేదని ఆ పొద్దు శానా ఏడ్సినా. ఇప్పుడేం లేదు.”

ఎనభైల్లో కుప్పానికి బదిలీ అయ్యాక ప్రతి పిల్ల రాసిన ప్రతి వాక్యం చివరిదాకా చదివాను, ఒక్కోటి రెండుసార్లు. ‘గివ్ అప్’తో రాసినవన్నీ గైడులోని సిగరెట్ల గురించే. ఇంటి సంగతి రాయమని ఎంత చెప్పినా ఎవరూ రాయలేదు.

ఈ రోజుల్లో పిల్ల బడికి రాకపోతే మధ్యాహ్నానికే ఇంట్లోవాళ్ల ఫోన్‌కు కబురు వెళుతుందట. మంచిదే. మా కాలంలో ఆ సౌకర్యం లేదని నా ఈడువాళ్లు అంటుంటే వింటూ ఉంటాను. నాకు మాత్రం కబురు ముందే అందింది, అదీ రాతపూర్వకంగా. వాళ్ల ఊరు బడికి రెండు మైళ్లే.