దేవుడి కుండలో చెయ్యి

"పిడికిలి తీసినావేటే?"

"తీసేనమ్మా."

"మళ్ళీ సెయ్యెట్టనేదు కదా?"

"నేదు."

మా అమ్మా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని అడిగింది, నా జవాబు విని కళ్ళు మూసుకుంది, సాయంత్రానికి పోయింది. ఆ "నేదు" అన్న మాట అబద్ధం. ఇన్నేళ్ళుగా అది నా గొంతులో చేపముల్లులా అడ్డుపడే ఉంది. ఈవేళ పొద్దున్న ఎసట్లో బియ్యం పొయ్యబోతూ దేవుడి కుండ మూత తీస్తే పాత మట్టి వాసన, పురుగు పట్టకుండా వేసిన ఎండు వేపాకు వాసన గుప్పుమన్నాయి. కూర్చోలేకపోయాను, నించోలేకపోయాను. నాకు సంతకం వరకే వచ్చు. అందుకని మా అమ్మాయి కూతురు కరుణను కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది.

మా ఊరు నౌపడ దగ్గర, ఉప్పుమడుల పక్కన. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. దేశంలో బియ్యానికి కటకటగా ఉన్న రోజులు. ఎండాకాలమంతా మడుల్లో నీళ్ళు ఇగిరి తెల్లగా ఉప్పు తేలేది, ఆడా మగా తట్టలకెత్తి గట్టు మీద రాశులు పోసేవారు, ఆ రాశుల మీద తాటాకు కప్పేవారు. మా కాళ్ళు పగిలి మండేవి, పెదవి నాకితే ఉప్పు, జడ కొస నమిలితే ఉప్పు, చోడి అంటే రాగి, ఆ అంబలిలోకి ఎండుచేప కాల్చుకుంటే దానికి వేరే ఉప్పు అక్కర్లేదు. వానలు పడ్డాయంటే మడులు మునిగిపోయేవి, పని పోయేది. అప్పుడు మా అయ్య రైలెక్కి కలకత్తా వైపు మూటలు మొయ్యడానికి వెళ్ళిపోయేవాడు. మేం పిల్లలం గట్ల మీద గవ్వలేరుకుని ఆడుకునేవాళ్ళం. మా అమ్మ మాత్రం ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది, జుట్టు ముడి విప్పి మళ్ళీ ముడేసుకునేది, రైలు కూసినప్పుడల్లా చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేది. ఉప్పు తేలే కాలంలో మబ్బు చూసి బెంగ, మబ్బులు పట్టే కాలంలో మనిషి కోసం బెంగ. బెంగ లేకుండా మా అమ్మను నేను చూసినట్టు గుర్తు లేదు.

మా పేటలో పది పన్నెండు ఇళ్ళు దేవుణ్ణి నమ్ముకున్నవి. చర్చి అంటే తాటాకు పాక. ఇంటింటికీ వచ్చి ప్రార్థన చేసే ముసలావిడ ఒకామె ఉండేది, అందరూ ప్రార్థనమ్మ అనేవారు. పొందూరు ఖద్దరు తెల్లచీర, చేతిలో రేకుడబ్బా, నోట్లో లవంగం. మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అదే దేవుడి కుండ. ప్రార్థనమ్మ శనివారం వచ్చి ఆ బియ్యం డబ్బాలో పోసుకెళ్ళేది. పొయ్యి వెలగని ఇళ్ళకు అది వెళ్ళేది. అందరూ చేసేది అంతవరకే. ప్రార్థనమ్మ మా అమ్మకు మాత్రం ఇంకో పని చెప్పింది. పిడికిలి వేసేటప్పుడు ఆ పూట బెంగ ఏదో దానికి పేరు పెట్టి చెప్పాలి, వేసి మూత పెట్టెయ్యాలి, మళ్ళీ అందులో చెయ్యి పెట్టకూడదు.

"పిచికలకి ఆయనే కూడెడతన్నాడు. నీ బెంగ ఆయన పడతాడు, నువ్వు నీ పని సూసుకో," అనేది ప్రార్థనమ్మ.

"పిచికల మొగుళ్ళు కలకత్తా ఎల్లరు కదమ్మా," అనేది మా అమ్మ.

ఆ ఏడు వానలు ఆగడమే లేదు. అయ్య దగ్గరనుంచి నెలకో కార్డు వచ్చేది. ఆయనకు రాయడం రాదు కాబట్టి ఎవరిచేతో రాయించేవాడు, మాకు చదవడం రాదు కాబట్టి ప్రార్థనమ్మ చదివేది. ఆ ఏడు రెండు నెలలు గడిచినా కార్డు లేదు. మా అమ్మ అన్నం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపేది తప్ప తినేది కాదు. ఆ బెంగ నాకూ అంటుకుంది. తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ మధ్యలో ఒంటికాలి మీదే ఆగిపోయేదాన్ని.

ఒక ఆదివారం అమ్మకు జ్వరం. పడుకునే, "నువ్వెయ్యే పిడికిలి," అంది. వేశాను.

"ఏటని ఏసినావు?"

"అయ్య అని."

"మంచిది," అని కళ్ళు మూసుకుంది.

నేను "అయ్య రావాల" అనలేదు. "అయ్య" అన్నాను, అంతే. అప్పటికి రెండేళ్ళ కిందట మా బుల్లి తమ్ముడు పోయాడు. వాడెక్కడని నేనడిగితే ఇంట్లో అందరూ ఒకటే మాట చెప్పారు, దేవుడు తీసుకున్నాడని. దేవుడు తీసుకున్నది తిరిగి రాదని నాకు బాగా తెలుసు. ప్రార్థనమ్మ కూడా బియ్యం కొలుచుకుంటూ ఎప్పుడూ అనేది, "దేవుడికిచ్చింది దేవుడిదే, మరి మనది కాదు" అని. ఆ రెండు మాటలూ నా బుర్రలో కలిసిపోయాయి. అయ్యను నా చేత్తో నేనే ఇచ్చేశానని ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది నాకు.

శనివారం దాకా టైముంది అనుకున్నాను. కానీ మర్నాటినుంచి అమ్మ లేచి తన పిడికిళ్ళు పైన వేస్తూ ఉంది, నాది కిందకి కిందకి పోతూ ఉంది. బుధవారం అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు మోచేతి దాకా కుండలో చెయ్యి పెట్టి, అట్టడుగు నుంచి ఒక పిడికెడు తవ్వి తీశాను. అవి నా గింజలో అమ్మ గింజలో ఎవరికి తెలుసు! పరికిణీ అంచున ముడేసుకున్నాను. నీళ్ళకు దానితోనే వెళ్ళాను, గట్టు మీద దానితోనే తిరిగాను, ఒక చేత్తో ముడి పట్టుకునే నిద్రపోయాను. మూడు రోజులు అయ్యను అలా మోశాను. బెంగ తగ్గిందా అంటే లేదు, ఇంకా ఎక్కువైంది. ముడి ఊడిపోతుందేమోనన్న బెంగ కూడా కలిసింది.

శనివారం పొద్దెక్కాక ప్రార్థనమ్మ వచ్చింది. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం. నా మోకాలు పరికిణీ అంచు మీద పడి ముడి జారింది, బియ్యం చాప మీద చరచరా రాలాయి. చెమటకు నాని పసుపుపచ్చగా అయిపోయాయి. ప్రార్థనమ్మ ఆమేను అనకముందే అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది.

"ఆకలైతే అడగనేవేటే గుంటా! దేవుడి కుండలో సెయ్యెడతావా?"

"ఆకలి కాదే! అయ్యని ఇచ్చీసినాను! ఎనక్కి తెచ్చుకున్నాను!"

వెక్కుతూ తమ్ముడి సంగతీ చెప్పాను. మళ్ళీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది అమ్మకి. తర్వాత చాప మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఏడ్చిందో నవ్విందో చెప్పలేను.

"నానూ తీసుకుంటన్నాను పార్దనమ్మా," అంది. "పొద్దున్న ఏస్తన్నాను, మద్దినేలకి మూత తీసి సెయ్యెట్టి కెలుకుతన్నాను. తీస్తన్నాను, ఏస్తన్నాను. ఈ గుంట నయం, ఒక్కపాలే తీసింది."

"తల్లికి తగ్గ కూతురు," అంది ప్రార్థనమ్మ. నన్ను దగ్గరకు లాక్కుంది, లవంగం వాసన. "ఒసే, గట్టు మీద మీ యమ్మ ఉప్పుతట్ట దించాలంటే ఒక్కర్తీ దించుకోగలదా?"

లేదన్నాను. నెత్తి మీద తట్ట ఎవరూ ఒంటరిగా దించుకోలేరు, మెడ పట్టేస్తుంది. ఎదురుగా ఇంకొకరు నిలబడి అంచు పట్టాలి.

"తట్ట దించినోళ్ళు తట్ట ఎత్తుకు పారిపోతారేటే? దేవుడూ అంతే. మీ అయ్యని పట్టుకుపోడానికి కాదు, నీ నెత్తి మీంచి దించడానికి. ఒగ్గీ, ఒదిలీ."

చాప మీద గింజలు ఒక్కొక్కటే ఏరాను. మళ్ళీ కుండలో వేశాను. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు, కాసేపు చంకల్లో పెట్టుకున్నాను.

అయ్య వానలు వెలిశాక సాయంత్రం రైలుకి దిగాడు, చిక్కి సగమై, కుడిచెయ్యికి కట్టుతో. ఆయనకు కార్డులు రాసిపెట్టేవాడు పని మానేసి వెళ్ళిపోయాడట. తర్వాత ఎవరిచేతో రాయించిన కార్డు ఆయన వచ్చిన నాలుగు రోజులకు వచ్చింది. ఆయన్నే ఎదురుగా కూర్చోబెట్టి ప్రార్థనమ్మ చదివితే, "బాగానే రాయించినాను కదా," అని ఆయనే మురిసిపోయాడు. ఆయన వచ్చిన మర్నాడు పొద్దున్నే మా అమ్మ ఆ కట్టు చూసి కొత్త బెంగతో పిడికిలి తీసింది. బెంగ పోవడం నేను ఎప్పుడూ చూడలేదు. రోజుకొకసారి దాన్ని దించుకోవడం మాత్రం చూశాను.

పెళ్ళై అత్తారింటికి గరివిడి వెళ్తూ ఆ అలవాటు తీసుకెళ్ళాను, మీ తాతయ్య పోయినప్పుడు కూడా మానలేదు, కరుణా. మా అమ్మకు జబ్బు ముదిరాక ఆమెనూ ఆ కుండనూ నా ఇంటికే తెచ్చుకున్నాను. ఆమె పోయిన రోజు పొద్దున్న పిడికిలి తీసి "మా అమ్మ" అని వేశాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి తీసేసుకున్నాను. తొమ్మిదేళ్ళప్పటి పనే, అరవై దగ్గర పడ్డాక. ఆమె నన్ను అడుగుతున్నప్పుడు ఆ బియ్యం నా కొంగు ముడిలోనే ఉంది. ఆమెకు తెలుసేమో కూడా, కుండలో చెయ్యి పెట్టడం ఆమెకు తెలియని పనా? సమాధి దగ్గరనుంచి వచ్చి ముడి విప్పి కుండలో వేశాను గానీ, ఆ "నేదు" అన్న మాట మాత్రం వెయ్యలేదు.

ఇప్పుడు ఆ మడుల్లో కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. తాటాకు పాక పోయి మేడచర్చి వచ్చింది, కానుక కవర్లలో ఇస్తున్నారు, శనివారం రేకుడబ్బా చప్పుడు లేదు. నా పిడికిలి బియ్యం నేనే మూటగట్టి పక్కవీధిలో ముసలామెకి ఇచ్చి వస్తున్నాను. తీసుకెళ్ళేవాళ్ళు లేకపోతే మూత తియ్యబుద్ధవుతుంది, అదీ నా భయం.

సాలు, కలం ఆపమ్మా. మొదటినుంచీ ఓపాలి సదివి ఇనిపించు. మా యమ్మ అడిగిన మాట కాడ కూసింత గట్టిగా సదివి ఆగు. ఈపాలి నిజం సెప్తాను.