మా డార్లీన్ వదిన తొమ్మిదో పాట

మా డార్లీన్ వదిన స్కూలు బస్సు నడుపుతుంది. యాభై నాలుగేళ్లు. పొద్దున పిల్లల్ని దింపేసి, ఖాళీ బస్సులో గొంతెత్తి పాడుకుంటూ వెనక్కొస్తుంది. అలా పాడుకున్న పల్లెటూరి బాణీ కంట్రీ పాటలే పది పోగై మొన్న ఆల్బమ్‌గా వచ్చాయి. సగం పాటల్లో ఎలక్ట్రిక్ గిటారు చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. మిగతావి నెమ్మదిగా, మనిషిని కూర్చోబెట్టి ఆలోచనలో పడేసేవి. డ్రమ్స్ నేనే వాయించాను. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో జంటలు గిరగిరా తిరిగే పోల్కా డాన్సు దరువు వాయించిన నా చేతులు రాక్ అనేసరికి మొరాయించాయి.

తొమ్మిదోది ఆవుల పాట. మా అన్న లియాన్, నేను కలిసి నడిపిన పాల డెయిరీ ఆరేళ్ల క్రితం మూతపడింది. ఆవుల్ని అమ్మేసి లారీలెక్కించిన రోజు గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తరు. టెక్సాస్‌లో స్థిరపడ్డ మా చెక్ జాతివాళ్ల ఊళ్లో సగం ఇళ్లలో ఇదే సంగతి. ఆ పాట ఊరందరి ముందూ పాడి తీరాలని వదిన పట్టుదల.

చర్చి పండుగకి, ఆదివారం మధ్యాహ్నం, ఊరి డాన్సు హాల్లో మాకు అవకాశం దొరికింది. హాలు చూసుకునే ఎర్విన్ పాటెక్‌ది ఒకటే నియమం. వరసగా మూడు పాటలకి ఎవరూ డాన్సు చెయ్యకపోతే బ్యాండు దిగిపోవాలి, చర్చి చందాల కోసం పెట్టే కేకుల వేలం మొదలవ్వాలి.

"తొమ్మిదో పాటదాకా మనల్ని ఉండనిస్తాడంటావా, యూజీన్?" అంది వదిన.

"ముందు అదే పాడెయ్ వదినా, గొడవ వదిలిపోద్ది."

"అమ్మో! ముందు వాళ్లు చెమటలు పట్టేలా ఆడాలయ్యా. అప్పుడైతే పారిపోయే ఓపికుండదు."

మొదటి పాటకి గిటారు గర్జించింది. ముసలమ్మలు చెవులు మూసుకుని బెంచీల మీద కూలబడ్డారు. రెండో పాటకి ఇద్దరు చిన్నపిల్లలు మాత్రం నున్నటి చెక్కనేల మీద జారుడాట ఆడారు. ఎర్విన్ మైకు పట్టుకుని మెట్ల దగ్గరకొచ్చాడు.

మూడోది మొదలైంది. నాకు ఒళ్లు మండింది. ఆల్బమ్‌లోని దరువు పక్కన పడేసి పోల్కా అందుకున్నాను. పైన రాక్ గిటారు, కింద మా తాతలనాటి పోల్కా! వదిన వెనక్కి తిరిగి కొరకొరా చూసింది.

"ఏంటయ్యా అది?"

"నువ్వు పాడు వదినా! అటు చూడు!"

ఎనభై ఏళ్ల రోజలీ మామ్మ మొగుణ్ని కాలరు పట్టుకుని లేపుతోంది.

"లెగవయ్యా! బెంచీకి అతుక్కుపోయావా?"

"మోకాలు నొప్పే..."

"ఇంటికెళ్లాక మందు రాస్తాలే. పద!"

వాళ్ల వెనక ఇంకో జంట, ఆ వెనక ఇంకో నాలుగు. అయిదో పాటకల్లా హాలంతా గుండ్రంగా తిరుగుతోంది. కాళ్ల కింద చెక్కలు దడదడలాడుతున్నాయి. నాకు ఆనందం పట్టలేక కేకలెయ్యాలనిపించింది, వేశాను కూడా. ఎనిమిదో పాట ఎప్పుడైపోయిందో తెలీలేదు.

తొమ్మిదోదానికి వదిన గిటారు శబ్దం తగ్గించింది. ఆవులు పోయినా పాలు పితికే అలవాటుకొద్దీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చే మనిషి పాట అది. లేస్తాడు, బూట్లు వేసుకుంటాడు, వెళ్లడానికి చోటుండదు. డాన్సు చేసే జంటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ బెంచీల వైపు వెళ్లలేదు. పట్టుకున్న చేతులు వదలకుండా అలాగే నిలబడ్డారు. బయట సాసేజీలు కాలుస్తున్న మా అన్న ఏప్రన్‌తోనే గుమ్మంలోకి వచ్చాడు. అతన్ని చూసినా వదిన పాట ఆపలేదు.

పాట అయింది. చప్పట్లు లేవు. ఎర్విన్ మైకు ఎత్తాడు. ఇక వేలమే అనుకున్నాను.

"నాకిప్పటికీ నాలుగింటికే మెలకువొస్తోంది," అన్నాడు. "ఇంకెవరికి?"

ముందు గుమ్మంలో మా అన్న చెయ్యి లేచింది. తర్వాత రోజలీ మామ్మ మొగుడిది. తర్వాత హాలంతా చేతులు లేచాయి, డ్రమ్ము కర్ర పట్టుకున్న నా చెయ్యితో సహా.