యాజులు గారి గడియారాల పెట్టె

నర్సీపట్నం బస్టాండు ఎదుట వాచీలు బాగుచేసే యాజులు గారికి, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే మాట్లాడటం అలవాటు. బాగుచేయమని ఇచ్చి, తీసుకెళ్లకుండానే చనిపోయినవాళ్ల వాచీలను ఆయన ఎవరికీ అమ్మలేదు. డెబ్భై ఏడులో, తీరిక దొరికినప్పుడల్లా పనస చెక్క కోసి, ఉలితో గుంటలు తొలిచి, వాటిలో మఖమల్ గుడ్డ అతికించి ఆ వాచీల కోసం ఒక పెట్టె చేశారు. పొద్దున్నే కొట్టు తెరవగానే అందులోని వాచీలన్నిటికీ కీ ఇచ్చేవారు. "పోయినవాళ్ల వాచీలకి కీ ఎందుకండీ?" అని భార్య అలివేలుమంగ అడిగితే, "ఆగిపోతే నాకు భయంగా ఉంటుందే" అన్నారు.

ఒకరోజు గొలుగొండ నుంచి జోగులమ్మ వచ్చింది. ఆమె భర్త చెరకు తోటలో పిడుగు పడి పోయాడు. యాజులు గారు పెట్టెలోంచి అతని వాచీ తీసి ఇచ్చారు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని, ఉలిక్కిపడి బల్ల మీద పెట్టేసింది.

"దీన్ని ఆపీయండి బాబూ. మాయత్తకి కళ్లు కనపడవు. కొడుకు పోయాడంటే ఇప్పటికీ నమ్మదు. మా ఆయన రోజూ దీన్ని ఆయమ్మ సెవికాడ ఎట్టి ఇనిపించీవోడు. ఈ సప్పుడింటే కొడుకొచ్చేసినాడనుకుంటాది."

యాజులు గారు వాచీ వెనక మూత తీసి, లోపల ఊగుతున్న చక్రాన్ని సన్న పట్టకారుతో పైకి తీశారు. చప్పుడు ఆగింది. జోగులమ్మ వాచీని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆయన మధ్యాహ్నమే కొట్టు మూసి ఇంటికి వెళ్లారు. శ్మశానం నుంచి వచ్చినవాడిలా గుమ్మం తొక్కకుండా నూతి దగ్గరే నిలబడి, "మంగా, నెత్తిన నీళ్లు పొయ్యి" అన్నారు.