గొట్టంలో నీళ్లు, మిద్దె మీద సిగ్నల్

రుద్రవరం దగ్గర ఒక అరటి తోట గట్టున, భూమిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే గొట్టం ఉంది. అందులో సెన్సర్ వేలాడుతుంది. పక్క స్తంభానికి బిగించిన పెట్టె ఆ లోతును గంటగంటకూ రాసుకుంటుంది. అక్కడ ఫోన్లు పలకవు. అందుకని స్తంభం మీద ఒక రేడియో మోడెం, ఆళ్లగడ్డలో మా భూగర్భజల శాఖ ఆఫీసు మిద్దె మీద ఇంకొకటి పెట్టి, లెక్కలు నంద్యాల కంప్యూటర్‌కు చేర్చమని నన్ను పంపారు.

తోట ఒక అక్కది. భర్త లేడు. బోరు అప్పటికే ఆగి ఆగి పోస్తోంది. యాంటెన్నాను కాస్త తిప్పితే సిగ్నల్ వచ్చేది, మర బిగించేలోగా పోయేది. నేను పైన విసుక్కుంటుంటే ఆమె కింద నుంచి అడిగింది.

“ఇది యాడికి చెప్తాదప్పా?”

“నంద్యాలకక్కా.”

“నీళ్లు దిగిపోతాండాయని గూడా చెప్తాదా?”

“అదే దాని పని.”

“అట్లయితే బేగా కట్టప్పా. తెలిస్తే ఎవరో ఒకరు వస్తారు.”

“మేం కొలిచేటోళ్లమే అక్కా. నీళ్లిచ్చేటోళ్లు వేరే.”

“కొలిచేది ఇచ్చేదానికే గదా,” అంది.

సిగ్నల్ నిలబడిన వారంలోనే ఆమె కృతజ్ఞత కూడిక పెట్టింది. ఉద్యోగమొచ్చినా, జబ్బు నయమైనా క్రైస్తవుల ఇళ్లలో చర్చివాళ్లను పిలిచి ప్రార్థన చేయించి అన్నం పెడతారు. రేడియో కోసం పెట్టడం నేనెక్కడా వినలేదు. పాస్టరుగారు స్తంభం మీద చెయ్యి వేసి, నంద్యాల అధికారుల మనసు కరగాలని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు కోడికూర మారు వడ్డించారు. సిగ్గుతో తల వంచుకుని తిన్నాను.

తర్వాత లెక్కలు ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. తెర మీద గీత రోజురోజుకూ కిందికి దిగింది. మా అధికారి దాన్ని చూసి, “సిగ్నల్ ఎంత బాగుందయ్యా,” అని భుజం తట్టారు. నీళ్ల సంగతి కూడా రాసి పైకి పంపాం. అక్కడితో మా చేతిలో పని అయిపోయింది. నడి ఎండాకాలంలో గీత దిగడం మానేసి అడ్డంగా సాగింది. సెన్సర్ పాడైనట్టుంది, కొత్తది వేసి రమ్మన్నారు.

తోటలో ఆకులన్నీ ఎండి బోదెలకు వేలాడుతున్నాయి. గొట్టంలోంచి తీగ లాగాను. సెన్సర్‌కు తడి లేదు, చివర పొడి మన్ను అంటుకుని ఉంది. అది పాడు కాలేదు. నీళ్లే దాన్ని వదిలి కిందికి పోయాయి. ఆ గొట్టాన్ని, స్తంభాన్ని, నన్ను పంపినవాళ్లను అందరినీ తిట్టుకున్నాను.

ఇంతలో ఆమె నన్ను చూసింది. పక్క చేలోవాళ్లను కేకేసి పిలుస్తూ వడివడిగా వచ్చింది.

“చెప్తి గదా, తెలిస్తే వస్తారని. నంద్యాల నుంచి వచ్చినారు చూడండి.”

నా బైకు వెనక దారి వైపు కాసేపు చూసింది.

“తక్కినోళ్లు యెనక వస్తాండారా అప్పా?”

నా సంచిలో కొత్త సెన్సర్ తప్ప ఇంకేమీ లేదు.