నాచారం గేటు ముందు గొడుగు నీడ

మామ పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. నేను ఉప్పల్ డిపో దగ్గర బస్సులో ఉన్నాను. "అయ్యో" అన్నాను. ఏడుస్తూనే ఆమె ఒక మాట అడిగింది.

"అన్నా, బాపు ఫొటోలన్నీ ఆధార్, రేషన్ కార్డుల మీదివే. అండ్ల నవ్వు మొఖం లేదు. మీరంత బొమ్మలు గీసేటోళ్లు గదా, బాపుది ఒక్కటన్న ఉంటే ఇయ్యుండ్రి. దినాల నాడు పెట్టుకుంటం."

"ఎందుకుండదమ్మా, తెస్తా" అనేశాను. ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో!

మామ ఎవరో మీకు చెప్పాలి. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు యంత్రాలకు రంగు కొట్టి, అది మూతపడ్డాక మా ఆదివారం గుంపులో చేరారు. మేం ఆరుగురం, ఎవరి బొమ్మల పుస్తకం వారిది. ఎక్కడ కూర్చుంటే అక్కడిది గీసి, రంగులేసి, పక్కన నాలుగు మాటలు రాసుకునేవాళ్లం. మెట్రో స్తంభాలు లేస్తున్న ఉప్పల్ రోడ్డు, బోడుప్పల్‌లో హద్దురాళ్లు పాతిన చేలు, అన్నీ అట్లా గీసినవే. అందరికీ ఆయన మామే. ఎండలో రంగు కుంచె కిందే ఆరిపోతుంటే, తన నల్ల గొడుగు తెచ్చి నా కాగితం మీద పట్టేవారు. "నీడలు ముందుగాల వెయ్యి. గోడ యాడికి పోదు, నీడ ఆగదు" అనేవారు. నాకు వచ్చిన రంగుల విద్యంతా ఆ ఒక్క మాటే.

ఒక ఆదివారం ఆ మూతపడ్డ ఫ్యాక్టరీ గేటుకే వెళ్లాం. మామ గొడుగు విప్పుకుని గేటు ముందు అరుగు మీద కూర్చున్నారు. "ఇయ్యాల నన్ను గూడ గియ్యి జర. లోపల పనిజేసినన్నొద్దులు ఒక్క ఫొటో దిగలే" అన్నారు. సరేనని ముందు రంగుతో నీడలు వేసి, తర్వాత పెన్సిల్‌తో ఆయన్నీ గీశాను. కాని ఆ బొమ్మను ఒక పోటీకి పంపాలని నా ఆశ. మడిచి కట్టిన ఆ లుంగీ, ఒళ్లో ప్లాస్టిక్ సంచి నా అందమైన గేటుకు అడ్డమనిపించాయి. రబ్బరు తీసి ఆయన్ని తుడిచేశాను. మనిషి ఇంకా ఎదురుగా కదలకుండా కూర్చునే ఉన్నారు! ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు.

లేచేముందు పుస్తకాలన్నీ నేల మీద వరసగా పరిచి చూసుకోవడం మా అలవాటు. మామ నా పేజీ ముందు వంగి చాలాసేపు చూశారు. "గేటు మస్తొచ్చింది" అన్నారు. అంతే. పోటీలో నాకేమీ రాలేదు. మరుసటి ఆదివారం కూడా ఆయన గొడుగు నా కాగితం మీదే ఉంది. తప్పయిందని చెప్పడానికి ఎన్ని ఆదివారాలు దొరికాయి! ఒక్కనాడూ నోరు తెరవలేదు.

ఫోన్ వచ్చిన రోజు నా పుస్తకాలన్నీ తిరగేశాను. కుక్కలున్నాయి, కరెంటు స్తంభాలున్నాయి, చాయ్ బండ్లున్నాయి. మామ ఎక్కడా లేరు. గుంపులో మిగతావాళ్లను అడిగితే వాళ్ల పుస్తకాల్లోనూ లేరన్నారు. చివరికి ఆ గేటు పేజీ పట్టుకుని మల్కాజిగిరిలో వాళ్లింటికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె పేజీని వెలుగులోకి తిప్పి, అరుగు కింద నేల మీద వేలు పెట్టింది. పెన్సిల్ గీతలు చెరిగాయి గాని, ముందే వేసిన రంగు చెరగలేదు. గుండ్రంగా గొడుగు నీడ, దాని కింద వంగిన వీపు నీడ.

"గిది బాపే గదా అన్నా" అంది.

దినాల నాడు ఆ పేజీకే చట్రం కట్టించి, ఎవరూ లేని ఆ అరుగుకు దండ వేశారు.